మళ్ళీ వేడిచేస్తే సరిపోతుందా?

తిండి - తనిఖీ: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ఫుడ్ మైక్రోబయాలజిస్టు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట ఉంది: "బాగా వేడిచేశాకే తిన్నాం మేడమ్, అయినా ఎందుకిలా అయింది?" అందుకని ఆ ప్రశ్న చుట్టూ తిరిగే ఉత్తరాలనే ఈసారి తీసుకున్నాను. ఉప్పులో అయోడిన్ గురించి అడిగినవాళ్ళు, ప్లాస్టిక్ బియ్యం వీడియోలు పంపినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. (ప్లాస్టిక్ బియ్యం లేవు. వీడియోలు పంపడం ఆపండి.)

ప్రశ్న: మేడమ్ గారూ, మా తమ్ముడి కొడుకు రిసెప్షన్‌కి మధ్యాహ్నం చేయించిన మటన్ బిర్యానీ చాలా మిగిలింది. దేగ్చాతో సహా ఇంటికి తెచ్చి, రాత్రి తొమ్మిదింటికి వేడిచేసుకుని తిన్నాం. తెల్లవారుజామున అయిదింటి నుంచి ఒకరి తర్వాత ఒకరు లేచారు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, నీళ్ళ విరేచనాలు. వాంతులు ఎవరికీ పెద్దగా లేవు. అందరూ రైతాదే తప్పంటున్నారు. ఆ పెరుగు తెచ్చింది నేనే కాబట్టి నింద నా మీద పడింది. పడ్డవాళ్ళలో ఇద్దరు పిల్లలు రైతా ముట్టనే లేదు. మా అత్తగారు మాత్రం తెల్లన్నంలో రైతా కలుపుకుని తిన్నారు, ఆమె నిక్షేపంగా ఉన్నారు. - ఎస్.కె., కరీంనగర్

జవాబు: అమ్మా, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఎక్కడైనా నలుగురు పడ్డారంటే వెళ్ళిన ఆఫీసర్లు మొదట అడిగేవి రెండు: ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మొదలైంది? ఆ తర్వాత ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీస్తారు. ఈ వంటకం తిని పడ్డవాళ్ళు, తిని పడనివాళ్ళు, తినకుండా పడ్డవాళ్ళు, తినకుండా పడనివాళ్ళు. ఒక్కో వంటకానికి ఒక్కో కాగితం. రైతా తినని పిల్లలు పడ్డారు, రైతా మాత్రమే తిన్న అత్తగారు పడలేదు. ముగ్గురితోనే తీర్పు చెప్పకూడదు గానీ, మొగ్గు మీ వైపే ఉంది.

ఇక టైము. తొమ్మిదికి తిని అయిదుకి లేచారంటే ఎనిమిది గంటలు. చేతుల నుంచో ముక్కు నుంచో తిండిలో పడే స్టెఫైలోకాకస్ అనే క్రిమి అయితే అంతసేపు ఆగదు. గంట నుంచి ఆరు గంటల లోపే వాంతులతో పని పట్టేస్తుంది. ఎనిమిది నుంచి పదహారు గంటల మధ్య మొదలై, వాంతులు లేకుండా మెలిపెట్టే నొప్పి, విరేచనాలు ఉంటే నా అనుమానం క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ మీద. ల్యాబ్ రిపోర్టు లేదు కాబట్టి అనుమానం అనే అంటున్నాను.

ఈ క్రిమికి పెద్ద దేగ్చా కంటే సుఖమైన చోటు లేదు. మాంసంతో పాటు దీని స్పోర్లు వస్తాయి. స్పోరు అంటే గట్టి పెంకున్న విత్తనం లాంటిది, మరిగించినా చావదు. వంట వేడికి మిగతా క్రిములు చచ్చిపోతాయి, గ్రేవీలోని ఆక్సిజన్ కూడా పోతుంది. దీనికి ఆక్సిజన్ పడదు కాబట్టి అదీ కలిసొస్తుంది. మంట ఆపాక దేగ్చా అంచులు చల్లారతాయి గానీ నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. 43 నుంచి 47 డిగ్రీల దగ్గర ఈ క్రిమి సుమారు పది నిమిషాలకోసారి రెండింతలవుతుంది. లెక్క మీరే వేసుకోండి: ఆ వేగంతో ఒక్క క్రిమి మూడు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఈ క్రిమి విషాన్ని తిండిలో కాదు, మన పేగులోకి చేరాక తయారుచేస్తుంది. అంటే తినేముందు నిజంగా బాగా వేడిచేసి ఉంటే, నడుమ ముక్క కూడా 75 డిగ్రీలు దాటి పొగలు కక్కేలా చేసి ఉంటే, మీరు తప్పించుకునేవాళ్ళు. కానీ అంత దేగ్చాని అలాగే పొయ్యి మీదికి ఎక్కిస్తే ఏమవుతుందో మీకూ తెలుసు. అడుగు మాడుతుంది, పైన పొగ వస్తుంది, నడుమ అన్నం మాత్రం వెచ్చబడుతుందంతే. ఈసారి మిగిలితే వెడల్పాటి పళ్ళేల్లో రెండు అంగుళాల మందాన పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి. వెచ్చటిది ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందనే మాటని పట్టించుకోకండి. గోరువెచ్చగా ఉండగానే పెట్టొచ్చు. ఫ్రిజ్ కాస్త ఎక్కువ కరెంటు తింటుంది, అంతకు మించి నష్టం లేదు.

పెరుగుకి క్లీన్ చిట్ ఇస్తున్నాను. ఈ పేజీ కత్తిరించి ఇంట్లో చూపించండి.

ప్రశ్న: నేను మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను, రూమ్‌లో ఒక్కడినే. పొద్దున కుక్కర్‌లో అన్నం పెట్టి, అదే రాత్రికి ఎగ్ ఫ్రైడ్ రైస్ చేసుకుంటాను. పెద్ద మంట మీద కళాయి పొగలొచ్చేలా వేయిస్తాను. పోయిన వారం తిన్న రెండు గంటలకే ఆగకుండా వాంతులు. గుడ్లు ఫ్రెష్‌వే. అంత మంట మీద ఏ క్రిమి బతుకుతుందండీ? - వి.ఆర్., హైదరాబాద్

జవాబు: ఏదీ బతకలేదు బాబూ. క్రిములు చచ్చాయి, అవి అప్పటికే వదిలిన విషం చావలేదు.

ఈ క్రిమి పేరు బాసిల్లస్ సీరియస్. మట్టిలో ఉంటుంది, అక్కడి నుంచి వడ్లకి, బియ్యానికి వస్తుంది. దీనికీ స్పోర్లున్నాయి, అన్నం ఉడికినా అవి మిగులుతాయి. పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి దాకా మూతపెట్టిన కుక్కర్‌లో, మన హైదరాబాద్ ఎండల్లో, ఆ స్పోర్లు మొలిచి, పెరిగి, అన్నంలోకి సెరులైడ్ అనే విషాన్ని వదులుతాయి. దాన్ని 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. ల్యాబ్‌లో సామాన్లు స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ పనిచేసేది ఆ వేడి దగ్గరే. నీ కళాయి ఏ మూలకి?

ఇది నీ ఒక్కడి కథ కాదు. 1970ల్లో బ్రిటన్‌లో చైనీస్ హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళు వరసగా వాంతులతో పడ్డారు. ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, ముందు రోజు వండిన అన్నాన్ని వంటవాళ్ళు బయటే ఉంచేసేవాళ్ళు. ఫ్రిజ్‌లో పెడితే ఉండకడుతుందని, వేయించేటప్పుడు పొడిపొడిగా రాదని. రుచి కోసం చేసిన పనే కొంప ముంచింది.

ఈ క్రిమికి ఇంకో రూపం ఉంది, అది విరేచనాలు తెప్పించే రకం. దాన్ని రుజువు చేసిన పెద్దమనిషి గురించి చెప్పకుండా ఉండలేను. నార్వేలో స్టైనార్ హౌగె అని ఒక శాస్త్రవేత్త. 1940ల చివర్లో ఓస్లోలో వెనిలా సాస్ తిన్నవాళ్ళు వందల సంఖ్యలో జబ్బుపడ్డారు. సాస్ చిక్కబడటానికి వేసిన మొక్కజొన్న పిండి నుంచి ఈ క్రిమి వచ్చిందని ఆయన కనిపెట్టాడు. ఎవరూ కాదనకుండా ఉండాలని, అదే క్రిమిని వెనిలా సాస్‌లో పెంచి, 200 మిల్లీలీటర్లు తానే తాగేశాడు. పదమూడు గంటలకి కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యాయి. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదనుకో.

మా ల్యాబ్‌కి అన్నం శాంపిల్ వస్తే గుడ్డుసొన కలిపిన మీడియం (క్రిముల్ని పెంచే మేత) మీద రాసి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెట్టేవాళ్ళం. తెల్లారి ప్లేటు తెరిస్తే గులాబీ రంగు మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ తెల్లటి మసక వలయం. ఆ వలయం చూడగానే మా టెక్నీషియన్ "మళ్ళీ అన్నమేనా మేడమ్" అనేవాడు. తెచ్చినవాళ్ళు మాత్రం ఎప్పుడూ కోడిగుడ్డునో చికెన్‌నో తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు. తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉన్న అన్నాన్ని ఎవరూ అనుమానించరు.

నువ్వు చేయాల్సింది చిన్న పని. పొద్దున వండగానే రాత్రికి కావలసింది పళ్ళెంలో ఆరబెట్టి, ఆఫీసుకి వెళ్ళేముందు ఫ్రిజ్‌లో పెట్టు. ఉండకడితే తడిచేత్తో విడదీసుకో.

ప్రశ్న: అమ్మా, చద్దన్నం ఆరోగ్యం అని అందరూ అంటారు. మీరేమో రాత్రన్నం బయట పెట్టొద్దంటారు. మేం ఏది వినాలి? - పి.ఎల్., తెనాలి

జవాబు: రెండూ వేరు వేరు పనులు. రాత్రన్నంలో నీళ్ళు పోసి, చెంచాడు మజ్జిగ కలిపి పెడితే అందులో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే మంచి బాక్టీరియా ముందే దిగి సీటు పట్టేసుకుంటుంది. తెల్లారేసరికి పుల్లబడుతుంది, ఆ పులుపులో బాసిల్లస్ సీరియస్ లాంటివి పెరగలేవు. ఉత్తన్నం మూతపెట్టి వదిలేస్తే పులుపు లేదు, ఆపేవాడు లేడు. కాబట్టి మజ్జిగ వేయడం మానకండి, అన్నం చల్లారగానే వేయండి, పొద్దున్నే తినేయండి. పులుపు రాకుండా జిగురుగా, తీగ సాగుతూ ఉంటే మాత్రం పారబోయండి.

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. కోతప్పుడు వాన పడి వేరుశనక్కాయ తడిసింది. కొన్ని గింజలకి పచ్చగా బూజు పట్టింది. బాగున్నవి అమ్మేసి, బూజువి ఇంట్లో వేయించి చట్నీకి వాడుకుంటున్నాం. మరీ పాడైనవి గేదెకి పెడుతున్నాం. వేయిస్తే బూజు చస్తుంది కదా? గానుగ ఆడిస్తే నూనెలోకి వస్తుందా? - ఎం.ఎన్., కదిరి

జవాబు: అయ్యా, ఆ చట్నీ ఈ రోజే ఆపండి. మిగతా ఉత్తరాల్లో ఉన్నవాళ్ళు ఒకరోజు బాధపడి లేచినవాళ్ళు. మీ ఉత్తరం అలాంటిది కాదు.

ఆ పచ్చ బూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అది వదిలే విషం అఫ్లాటాక్సిన్. వేయిస్తే బూజు చస్తుంది, విషం కొంత తగ్గుతుందేమో గానీ పోదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం తిన్నా కాలేయ కాన్సర్‌కి దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో కాన్సర్ తెప్పిస్తుందని రుజువైన వాటిలో పెట్టింది.

ఇది బయటపడిందే వేరుశనగ వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. ఏ వైరసో అనుకున్నారు. చివరికి వాటి దాణాలో కలిపిన, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో ఈ విషం దొరికింది.

మనుషుల కథ మన దేశంలోనే జరిగింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరి జనం చనిపోవడం మొదలైంది. 397 మంది జబ్బుపడితే 106 మంది పోయారు. ఆ గుట్టు విప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. 1975లో లాన్సెట్ పత్రికలో వాళ్ళు రాసిన పేపర్‌ని మేం విద్యార్థులుగా ఉన్నప్పుడు వరస వరస చదివించారు. అందులో నన్ను పట్టుకున్నది ఒక చిన్న వివరం: మనుషుల కంటే ముందు ఊరకుక్కలు అదే జబ్బుతో పోయాయి. అంటువ్యాధి కామెర్లయితే కుక్కలకెందుకు వస్తాయి? కుక్కా మనిషీ కలిసి తినేది ఏమిటి? మొక్కజొన్న రొట్టె. కోత ముందు అకాల వర్షాలకి తడిసి, సరిగ్గా ఆరకుండానే నిల్వచేసిన మొక్కజొన్న అది. పేదవాళ్ళు కాబట్టి పారబోసే దారి లేదు. అలా రోజుకి 2 నుంచి 6 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ నెలపాటు వాళ్ళ ఒంట్లోకి వెళ్ళి ఉంటుందని లెక్కగట్టారు. ఈ రోజు మన దేశంలో తిండిగింజలకి పెట్టిన హద్దు కిలోకి 15 మైక్రోగ్రాములు. ఆ హద్దులో ఉన్న మొక్కజొన్నతో 2 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోవాలంటే రోజుకి 133 కిలోలు తినాలి. వాళ్ళు తిన్న గింజ ఎలాంటిదో దీన్నిబట్టి ఊహించుకోండి.

అఫ్లాటాక్సిన్‌కి రంగు, రుచి, వాసన లేవు. మేం గింజల పొడి నుంచి రసం తీసి, సిలికా పూసిన గాజుపలక మీద చుక్క పెట్టి, ద్రావకం పైకి పాకాక చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టేవాళ్ళం. అప్పటిదాకా ఖాళీగా కనిపించిన పలక మీద నీలం చుక్కలు వెలిగేవి. ఒక్కోసారి పైకి బాగున్న గింజల్లోనూ వెలిగేవి. ఇప్పుడు పద్ధతులు మారాయి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు ఈ విషాన్ని పట్టే, తక్కువ ఖర్చులో అయ్యే ఎలైసా అనే పరీక్షని తయారుచేశారు.

మీరు చేయగలిగింది చెబుతాను. ఈ విషం రాశి మొత్తంలో సమానంగా ఉండదు, కొన్ని గింజల్లోనే పోగుపడి ఉంటుంది. కాబట్టి ముడతపడ్డవి, రంగు మారినవి, పుచ్చువి, మొలక వచ్చినవి ఏరి పారేస్తే చాలా వరకు పోతుంది. మీరు ఏరడం సరిగ్గానే ఏరారు. ఏరిన కుప్పల్లో ఏది ఎవరికన్నదే తిరగబడింది. అది మీ తప్పు కూడా కాదు. మంచి సరుక్కి ధర, పాడైన సరుకు ఇంటికి, ఉమ్మడి అనంతపురం జిల్లాలో తరతరాలుగా జరుగుతున్నది ఇదే. యూరప్‌కి వెళ్ళే తినే పల్లీలకి హద్దు కిలోకి 4 మైక్రోగ్రాములు. పండించినవాడి చట్నీకి ఎవరూ పరీక్ష చేయరు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాయ పండే దశలో బెట్ట తగిలితే భూమిలో ఉండగానే బూజు సోకుతుంది, వీలైతే అప్పుడొక తడి ఇవ్వండి. పీకాక కాయ ఊపితే గింజ గలగలమనేదాకా ఆరబెట్టండి, తేమ 8 శాతానికి దిగాలి. ప్లాస్టిక్ సంచుల్లో తడికాయ కట్టేయడం అన్నిటికంటే చెడ్డ పని.

నూనె సంగతి: గానుగలో విషం ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, కొంత నూనెలోకి, ముఖ్యంగా అడుగు మడ్డిలోకి వస్తుంది. రిఫైనరీలో క్షారంతో శుద్ధిచేస్తే అది పోతుంది. గానుగలో ఆ మెట్టు లేదు. గానుగ నూనె చెడ్డదని కాదు, బూజు గింజ గానుగకి వేయొద్దని.

గేదె సంగతి: అది తిన్నది ఒక రోజు తిరిగేసరికి ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. పాలు కాచినా పోదు. మన దేశంలో పాలకి హద్దు కిలోకి 0.5 మైక్రోగ్రాము, యూరప్‌లో అందులో పదో వంతు. మంచి మాట ఏమిటంటే, ఆ దాణా ఆపిన కొద్ది రోజుల్లోనే పాలు తేరుకుంటాయి. బూజు గింజల్ని గొయ్యి తీసి పూడ్చేయండి.

ప్రశ్న: మయోనైజ్ మీద తెలంగాణలో నిషేధం పెట్టారు కదా, గుడ్డు శుభ్రంగా కడిగి చేస్తే ఏమవుతుంది? - ఆర్.టి., వరంగల్

జవాబు: 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది పచ్చిగుడ్డుతో చేసేదాన్ని. సాల్మొనెల్లా అనే క్రిమి పెంకు మీదే ఉంటే కడిగితే కొంత నయం. కానీ కోడి అండాశయంలోనే సోకి, పెంకు ఏర్పడకముందే లోపలికి చేరే రకం ఉంది. దాన్ని ఏం కడుగుతారు? ఇది మాత్రం వేడికి లొంగే క్రిమి, పచ్చసొన గట్టిపడేలా ఉడికిస్తే చస్తుంది. ఆ పని మయోనైజ్‌లో కుదరదు కాబట్టే గొడవంతా.

ప్రశ్న: పసుపులో సీసం కలుపుతారట. కూరలో మరిగితే పోతుందా? ఇంట్లో పరీక్ష ఉందా? - జి.ఎస్., దుగ్గిరాల

జవాబు: పసుపు యార్డు ఉన్న ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది. సీసం మూలకం. మరిగించినా, మాడ్చినా, బూడిద చేసినా సీసం సీసమే. కొమ్ముల్ని డ్రమ్ములో పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే మెరిసే పసుపుపచ్చ రంగు వేస్తారు, అక్కడొస్తుంది చిక్కు. పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. మన దేశంలో పసుపుకి హద్దు కిలోకి 10 మిల్లీగ్రాములు.

బంగ్లాదేశ్‌లో ఏం చేశారో చూడండి. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదని వెతుకుతూ పరిశోధకులు పసుపు దగ్గర ఆగారు. ప్రభుత్వం పేపర్లలో హెచ్చరికలు వేయించింది, చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రంతో ఢాకా హోల్‌సేల్ మార్కెట్లో తనిఖీ చేసి జరిమానాలు వేసింది. 2019లో మార్కెట్ శాంపిళ్ళలో 47 శాతంలో సీసం కనిపిస్తే 2021కి సున్నా. రెండేళ్ళు పట్టింది, అంతే. మన యార్డుల్లోనూ అలాంటి యంత్రం ఒకటి పెట్టాలని అడగండి. నమ్మదగ్గ ఇంటి పరీక్ష లేదు. కొమ్ములు కొని పట్టించుకోండి, మిలమిల మెరిసేవి వదిలేసి, కాస్త మట్టి రంగులో గరుకుగా ఉన్నవి తీసుకోండి.

ప్రశ్న: హోటల్ తిండి మీద అనుమానం వస్తే మనమే ల్యాబ్‌కి పంపొచ్చా? - డి.బి., రాజమండ్రి

జవాబు: పంపొచ్చు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్ళు ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, తేడా తేలితే ఫీజు వాపసు. ఒక మెలిక మాత్రం ఉంది: కొనేటప్పుడే "దీన్ని పరీక్షకి పంపిస్తున్నాను" అని అమ్మేవాడికి చెప్పాలి. బిర్యానీ కౌంటర్ దగ్గర ఆ మాట అన్నాక మీకు వచ్చే పొట్లం ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. అందుకని తిన్నాక జబ్బుపడితే మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఫిర్యాదు చేయడం నయం. ఈలోగా మిగిలిన తిండి పారేయకండి. వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టిన స్టీల్ డబ్బాలో పెట్టి, తిన్న తేదీ, టైము రాసి అంటించి ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. మొదటి ఉత్తరంలోని పెర్‌ఫ్రింజెన్స్ గడ్డకడితే చాలా వరకు చచ్చిపోతుంది, అప్పుడు ల్యాబ్ వాళ్ళు "ఏమీ లేదు" అని రిపోర్టు ఇచ్చేస్తారు.